ప్రతి ఏడాదీ స్నేహితులతో పోర్ట్ బ్లెయిర్‌కే వెళ్తే విసుగు రాదా?

గోదారి గట్టు:

అందరికీ నమస్కారం. అండమాన్ మీద ఇక్కడున్న పాత పోస్టులు చాలానే చదివాను. అన్నీ మొదటిసారి వెళ్లేవాళ్ల కోసం రాసినవే. మాది కొంచెం వేరే సంగతి.

మేం ఐదుగురం, డిగ్రీలో ఒకే రూమ్‌లో ఉన్నవాళ్లం. ఇప్పుడు తలా ఒక ఊళ్లో ఉన్నాం. కలిసేది పెళ్లిళ్లలోనే, అదీ భోజనాల దగ్గర ఓ పది నిమిషాలు. "ఎలా ఉన్నావురా" అనేలోపే ఎవరో ఒకరు బండి తాళాలు తీస్తారు. అందుకని ఏడాదికోసారి నాలుగైదు రోజులు, కుటుంబాలు లేకుండా మేం మాత్రమే ఎక్కడికైనా వెళ్లాలని గట్టిగా అనుకున్నాం. ప్రతిసారీ కొత్త ఊరంటే ఎంచుకోవడంలోనే గొడవలవుతాయి, ఏటా పోర్ట్ బ్లెయిర్‌కే పోదాం అన్నాడు మావాడొకడు. చలికాలంలోనూ అక్కడ వెచ్చగా ఉంటుంది, సముద్రం ఉంది, మన భాష మాట్లాడేవాళ్లున్నారు అని వాడి వాదన.

నాకు రెండు సందేహాలు. ఒకడికి మోకాలి ఆపరేషన్ అయింది, ఇంకొకడికి నీళ్లంటే భయం. స్కూబా, స్నార్కెలింగ్ లేకుండా అక్కడ ఏముంటుంది? రెండోది, మాలో ఒకడి సంపాదన మిగతావాళ్ల కంటే తక్కువ. వాడు నోరు తెరిచి చెప్పడు. వాడిని ఇబ్బంది పెట్టకుండా ఇది ఏటా ఎలా నడపాలి? ఇలా ఒకే ఊరికి స్నేహితులతో ఏటా వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

బ్యాక్‌ప్యాక్ బాబు:

బ్రదర్, ఒకసారికైతే ఓకే. ఏటా అంటే మాత్రం నేను ఒప్పుకోను. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్ చూస్తే ఒక రోజున్నరలో అయిపోతుంది. అసలు అందమంతా హేవ్‌లాక్, నీల్ దీవుల్లో ఉంది. రాధానగర్ బీచ్ చూడకుండా అండమాన్ వెళ్లొచ్చామని ఎలా చెప్తారు? మొదటి రోజే ఫెర్రీ ఎక్కేయండి. వచ్చే ఏడాది లక్షద్వీప్ పోవచ్చు, ఆ తర్వాత శ్రీలంక. ప్రపంచం చాలా పెద్దది, ఉన్న సెలవులేమో తక్కువ.

వైజాగ్ టీచరమ్మ:

గోదారి గట్టు గారూ, మేం సరిగ్గా ఇదే చేస్తున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా బీఈడీ హాస్టల్ బ్యాచ్‌లో నలుగురం చాలా ఏళ్లుగా సంక్రాంతి వెళ్లాక పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాం. ఊరి పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు. బోర్డుల మీద, టికెట్ల మీద రెండు పేర్లూ కనబడితే కంగారు పడకండి. నేను అలవాటు కొద్దీ పాత పేరే రాస్తున్నాను.

బ్యాక్‌ప్యాక్ బాబు చెప్పింది మొదటిసారి వెళ్లేవాళ్లకు నిజం. హేవ్‌లాక్, ఇప్పటి స్వరాజ్ ద్వీప్, ఒకసారి చూసి తీరాలి, అందులో వాదన లేదు. కానీ మీరు వెళ్లేది చూడ్డానికా, కలవడానికా? అది ముందు తేల్చుకోండి. ప్రైవేటు ఫెర్రీలో హేవ్‌లాక్ చేరడానికి గంటన్నర, ప్రభుత్వ పడవలో ఇంకా ఎక్కువ. దానికి ముందు జెట్టీ దగ్గర ఎదురుచూపు, సామాన్ల తనిఖీ, దిగాక హోటల్, మర్నాడు మళ్లీ అదే తంతు. నాలుగు రోజుల్లో సగం బ్యాగులు సర్దడానికే సరిపోతుంది. కొత్త చోట మనిషి మాట్లాడేది టైమింగుల గురించే. తెలిసిన ఊళ్లో ఆ మాటలు అక్కర్లేదు. అప్పుడు లోపలి మాటలు బయటికొస్తాయి.

ఒక్క ఉదాహరణ చెప్తాను. ఒక ఏడాది మా నలుగురిలో ఒకామె తల్లిగారు కార్తీకమాసంలో పోయారు. జనవరిలో తను రాదనే అనుకున్నాం, వచ్చింది. అక్కడ చాథమ్ జెట్టీ నుంచి బాంబూ ఫ్లాట్‌కు మామూలు జనం ఎక్కే ఫెర్రీ ఒకటుంది. స్కూటర్లు, కూరగాయల బస్తాలు, యూనిఫాంలో పిల్లలు అందరూ అందులోనే వెళ్తారు. టికెట్ చిల్లర డబ్బులే. తను ఆ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున దిగింది, అయిదు నిమిషాలు నిలబడి తిరుగు ఫెర్రీ ఎక్కింది, ఇటొచ్చాక మళ్లీ ఎక్కింది. మేం ముగ్గురం ఏమీ అడగకుండా పక్కనే కూర్చున్నాం. నాలుగోసారో ఎప్పుడో, ఇంజిన్ చప్పుడు మధ్యలో, అమ్మ ఆఖరి రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా చెప్పింది. కొత్త ఊరైతే ఆ రోజు మేం ఏదో ఒక 'పాయింట్' చూడ్డానికి తనను లాక్కుపోయేవాళ్లం. చూడాల్సింది చూసేసిన ఊరు కాబట్టి ఆ రోజు మొత్తం తనకే ఇవ్వగలిగాం. ఒకే ఊరికి ఎందుకని ఎవరడిగినా నేను ఇదే చెప్తాను.

ఇక మీ సందేహాలు. నీళ్లలో దిగకపోతే ఏముంటుందన్నారు. బోలెడుంది. కాకపోతే ఏడాదికి ఒక్క పెద్ద చోటే పెట్టుకోండి, మిగిలినవి వచ్చే ఏడాదికి వదిలేయండి. మొదటి ఏడాది జైలు చూడండి. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. మధ్యలో టవర్, దాని చుట్టూ ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. గదులు ఎలా కట్టారో కాస్త ఆగి చూడండి. ఒక రెక్క ముందు భాగం పక్క రెక్క వీపుకు ఎదురుగా ఉంటుంది. ఏ ఖైదీకీ ఇంకో ఖైదీ ముఖం కనబడకూడదని అలా కట్టారు. మన మన్యం పోరాటంలో అల్లూరి వెంట నడిచినవాళ్లలో కొందరిని కూడా ఈ దీవులకే పంపారు. మనిషికి మనిషిని దూరం చేయడమే శిక్షగా పెట్టిన ఆ చోటు స్నేహితులతో కలిసి చూశాక మా నలుగురికీ చాలాసేపు మాట రాలేదు. దాన్ని ఫొటోలు తీసుకుని వచ్చేసే చోటుగా చూడకండి, ఒక పూట మొత్తం ఇవ్వండి.

రెండో ఏడాదికి రాస్ ఐలాండ్ పెట్టుకోండి. 2018 నుంచి దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. ఊరి నుంచి బోటులో కొద్ది నిమిషాలే. తెల్లవాళ్ల పాలన అక్కడి నుంచే నడిచింది. 1941 భూకంపం తర్వాత వదిలేశారు. చర్చి గోడలను మర్రి జాతి వేళ్లు ఎలా పట్టేశాయో చూడండి. కొన్నిచోట్ల ఇటుకలు రాలిపోయి వేళ్లు మాత్రమే గోడ ఆకారంలో నిలబడి ఉంటాయి. జింకలు చేతికందేంత దగ్గరగా తిరుగుతాయి.

ఇంకో ఏడాది మౌంట్ హారియట్, ఇప్పటి మౌంట్ మణిపూర్. నేను చెప్పిన బాంబూ ఫ్లాట్ ఫెర్రీ దిగి అటు నుంచే కారులో పైకి వెళ్లాలి. ఇంట్లో పాత ఎర్రటి ఇరవై రూపాయల నోటు ఉంటే జేబులో పెట్టుకోండి. దాని వెనకాల కొబ్బరిచెట్లు, సముద్రం, లైట్‌హౌస్ ఉన్న బొమ్మ ఉంటుంది కదా, అది ఈ కొండ దారి నుంచి కనబడే నార్త్ బేనే. నోటు పట్టుకుని ఎదురుగా ఉన్న దృశ్యంతో పోల్చి చూస్తుంటే మా వయసు అమాంతం తగ్గిపోయింది. చాథమ్‌లో 1883 నాటి రంపపు మిల్లు ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గుంత ఇప్పటికీ అక్కడే ఉంది. మిల్లులో పడాక్ కలప వాసన ఒక్కటి చాలు, అంత బాగుంటుంది.

ముఖ్యమైన మాట ఇంకొకటి, అక్కడ రోజు తొందరగా ముగుస్తుంది. మన గడియారానికి లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది మన కాకినాడ దగ్గర నుంచి వెళ్తుంది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాల తేడా. జనవరిలో సాయంత్రం ఐదున్నర దాటితే చీకటే. అందుకని మేం పొద్దున్నే తిరుగుతాం, మధ్యాహ్నం పడుకుంటాం, సాయంత్రం మెరీనా పార్కు దగ్గర సముద్రం పక్కనే నడుస్తాం, ఏడింటికల్లా భోజనం ముగిస్తాం. ఆ తర్వాత మిగిలిన రాత్రంతా కబుర్లే.

గోదారి గట్టు:

టీచరమ్మ గారూ, చాలా థాంక్సండీ. ఫెర్రీ సంగతి చదివి మా గ్రూపులో పెట్టాను, ఎవరూ ఏమీ రాయలేదు. కాసేపటికి మోకాలి ఆపరేషన్ అయినవాడు "నేను రెడీ" అన్నాడు. డబ్బు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మీరు ఎలా చేస్తున్నారో చెప్తారా?

వైజాగ్ టీచరమ్మ:

చెప్తానండీ. ఏటా వెళ్లే బ్యాచ్‌లు ఆగిపోయేది ఊరి మీద విసుగుతో కాదు, డబ్బు దగ్గరే. మాలో ఇద్దరం ప్రభుత్వ టీచర్లం, ఒకామె ప్రైవేటు స్కూల్లో పనిచేస్తుంది, ఇంకొకామె ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటోంది. తేడా ఉంటుంది, దాన్ని లేనట్టు నటించకూడదు.

మా పద్ధతి ఇది. దసరా అప్పుడు ప్రతి ఒక్కరూ ఈ ఏడాది ఎంత పెట్టగలరో ఒక్కరికి మాత్రమే విడిగా మెసేజ్ పెడతారు. ఆ ఒక్కరు ఏటా మారుతుంటారు. వచ్చిన వాటిలో అన్నిటికన్నా తక్కువ అంకె ఏదో అదే ఆ ఏడాది బడ్జెట్. అది ఎవరు చెప్పారో మిగతావాళ్లకు తెలియదు, అడగరు కూడా. ఎక్కువ ఉన్నవాళ్లు పైన వేసుకుని పెద్ద హోటల్ తీసుకోవడం మా దగ్గర కుదరదు. ఒకరి రూమ్ ఏసీ, ఇంకొకరిది నాన్ ఏసీ అయితే ఆ రోజుతో స్నేహం పోయినట్టే. "నీది నేను కట్టేస్తాలే" అనడం అంతకన్నా ప్రమాదం. ప్రేమతోనే అంటాం, కానీ అవతలివాళ్లు మరుసటి ఏడాది ఏదో వంక చెప్పి మానేస్తారు.

నెలనెలా కొంత పక్కన పడేస్తే జనవరిలో బరువనిపించదు. టికెట్లు తొందరగా తీసుకోండి, హైదరాబాద్, చెన్నైల నుంచి నేరుగా విమానాలున్నాయి. జనవరి 26 చుట్టుపక్కల రోజులు వదిలేయండి, సెలవులు కలిసొచ్చి జనం పెరుగుతారు, ఛార్జీలూ పెరుగుతాయి. తేదీ మాత్రం ఏటా ఒకటే పెట్టుకోండి, దాని మీద చర్చ వద్దు. ఇంట్లోవాళ్లు కూడా అలవాటు పడతారు. మావారు ఇప్పుడు డిసెంబర్‌లోనే "మీ అండమాన్ ఎప్పుడు, పిల్లల టిఫిన్ నేను చూసుకుంటా" అని తనే అడుగుతున్నారు.

తిండికి వంటగది ఉన్న హోమ్‌స్టే చూసుకోండి. ఇంటి నుంచి గోంగూర పచ్చడి, కందిపొడి పట్టుకెళ్తే అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. చేపలు తినేవాళ్లయితే పొద్దున్నే జంగ్లీఘాట్ వెళ్లండి, పడవల నుంచి దించినవి దించినట్టే దొరుకుతాయి.

అబర్డీన్ బజార్:

ఈ థ్రెడ్ చూసి చాలా సంతోషమేసింది. మాది పోర్ట్ బ్లెయిరే. మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. బజార్లో తెలుగులో పలకరించి చూడండి, పక్క కొట్టు నుంచి జవాబొస్తుంది. అందరినీ కలిపేది మాత్రం హిందీయే.

మేడం చెప్పినవాటికి కొన్ని కలుపుతాను. నీళ్లంటే భయమున్న అన్నను కార్బిన్స్ కోవ్‌కు తీసుకెళ్లండి, ఊరికి దగ్గరే, కొబ్బరిచెట్ల కింద కూర్చోవచ్చు. అయితే ఇక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి. బీచ్‌ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టారు, వాటిని తేలిగ్గా తీసుకోవద్దు. లైఫ్‌గార్డ్ వద్దన్న చోట మోకాలి లోతు కూడా దిగొద్దు. చీకటి పడ్డాక మడ అడవుల పక్క, వాగులు సముద్రంలో కలిసే చోట తిరగొద్దు. టూరిస్టులు నవ్వుతూ బోర్డు పక్కనే ఫొటో దిగి నీళ్లలోకి పోతుంటే మాకు గుండెలు దడదడలాడతాయి.

మీలో ఎవరైనా స్కూబా చేస్తే, ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి, పూర్తిగా ఒక రోజుంటే ఇంకా మంచిది. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ టైమ్ కావాలి. అంటే డైవింగ్ మొదటి రోజుల్లోనే పెట్టుకోవాలి, తిరుగు ప్రయాణం ముందు రోజు కాదు.

ఒడ్డున దొరికిన పగడపు ముక్కలు, గవ్వలు బ్యాగులో వేసుకోవద్దు. విమానాశ్రయంలో తీసేసుకుంటారు, కేసు కూడా కావచ్చు. వండూర్ నుంచి జాలీ బాయ్ ద్వీపానికి వెళ్తే ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, సీసాలకు డిపాజిట్ కట్టించుకుంటారు. ఆ కట్టుబాటు ఉంది కాబట్టే అక్కడి నీళ్లు ఇంకా అలా ఉన్నాయి, దయచేసి విసుక్కోకండి. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే దారి జరావా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. బండ్లన్నీ కలిపి కాన్వాయ్‌గా పంపిస్తారు. మధ్యలో ఆపడం, ఫొటోలు తీయడం, తినేవి ఇవ్వడం నేరం. వాళ్లను 'చూడ్డానికి' వెళ్దామని ఎవరైనా ఏజెంటు అంటే ఆ ఏజెంటునే వదిలేయండి. వాళ్లూ మనుషులే, అది వాళ్ల ఇల్లు.

ఫోన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక ఊళ్లో నెట్ బాగానే ఉంటోంది. అంతకుముందు మేం ఒక్క ఫొటో పంపాలన్నా అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్లం.

బ్యాక్‌ప్యాక్ బాబు:

టీచరమ్మ గారి ఫెర్రీ పోస్టు రెండుసార్లు చదివానండీ. నాకు ఇరవై ఆరేళ్లు, ఇంకా తిరగాలన్న ఆత్రం పోలేదు, ఏటా ఒకే ఊరు నావల్ల కాదు. కానీ నా బ్యాచ్‌లో ఎవరెవరు ఎందుకు మానేశారో ఇప్పుడు అర్థమైంది, మేం బడ్జెట్ ఎప్పుడూ ఎక్కువ ఉన్నవాడి లెక్కలోనే వేశాం. ఆ విడి మెసేజ్ పద్ధతి ఈసారి గోకర్ణ ట్రిప్‌కు పెడుతున్నాం. అన్నట్టు గోదారి గట్టు అన్నా, నాలుగు రోజులు కాకుండా ఆరు దొరికితే మాత్రం రెండు రాత్రులు హేవ్‌లాక్‌కు ఇవ్వండి. పొద్దున్నే ఎవరూ లేని రాధానగర్ మీ ఐదుగురికీ దొరకాలి.

వైజాగ్ టీచరమ్మ:

బాబూ, ఆరు రోజులుంటే నేనూ అదే చెప్తాను. వెళ్లినప్పుడు ఆ బీచ్‌లో మేం కూడా బాగా నడిచాం. ఫెర్రీలో కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి మాత్ర తీసుకెళ్లాలి, ఆ రోజు గాలి ఎక్కువైతే పడవ బాగా ఊగుతుంది.

గోదారి గట్టు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మావాళ్లతో మాట్లాడాను, ఫిబ్రవరి మొదటి వారం ఖాయం చేశాం, ఇక ఏటా అదే. విడి మెసేజ్‌లు నాకే వచ్చాయి, అంకె చూశాను, హాయిగా సరిపోతుంది. అబర్డీన్ బజార్ గారూ, ఆఖరిగా ఒకటి. మోకాలి వాడు మెట్లు ఎక్కువ ఎక్కలేడు. జైలు, రాస్ ఐలాండ్ వాడికి కుదురుతాయా? సాయంత్రం జైల్లో జరిగే షోకు టికెట్ అక్కడికెళ్లాక దొరుకుతుందా?

అబర్డీన్ బజార్:

కుదురుతాయన్నా. జైల్లో కింది వరస గదులు, మ్యూజియం, ఆవరణ నేల మీదే ఉంటాయి. టవర్ పైకి మాత్రం మెట్లే, ఆ అన్నను కింద రావిచెట్టు దగ్గర కూర్చోబెట్టండి, ఒకరు తోడుండండి. రాస్‌లో బ్యాటరీ బండి ఉంటుంది, జెట్టీ దగ్గర దిగగానే అడగండి. బోటు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యి పట్టుకోవాలి, అలలకు అది కాస్త పైకీ కిందికీ ఊగుతుంటుంది. లైట్ అండ్ సౌండ్ షో టికెట్ ముందే తీసేసుకోండి, ఫిబ్రవరిలో సీట్లు తొందరగా అయిపోతాయి. హిందీ షో, ఇంగ్లీషు షో వేర్వేరు, టైమ్ చూసి బుక్ చేయండి. వచ్చే ముందు ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి, జంగ్లీఘాట్‌కు నేనూ వస్తాను. చేపల బేరం మీకు కొత్త కదా.